లోటు బడ్జెట్ ధరలు పెంచుతుందా, వృద్ధిని పెంచుతుందా?

సందేహి:
ఈ విషయం మీద ఎంత చదివినా నాకు ముడి వీడటం లేదు. ప్రభుత్వం ఆదాయానికి మించి ఖర్చు పెడితే ధరలు మండిపోతాయని ఒకరు రాస్తారు. మాంద్యంలో ప్రభుత్వం ఖర్చు పెట్టకపోతే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందని ఇంకొకరు రాస్తారు. ఇద్దరి దగ్గరా ఉదాహరణలుంటాయి. అమెరికానే తీసుకోండి. 2009లో అక్కడ లోటు జీడీపీలో 10 శాతం దగ్గరికి వెళ్లింది. ధరలు పెరగకపోగా ఆ ఏడాది సగటున కాస్త తగ్గాయి. 2020, 2021లో మళ్లీ భారీ లోటు. ఈసారి 2022 జూన్ నాటికి ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. అదే దేశం, అదే డాలరు, అదే కేంద్ర బ్యాంకు. మరి తేడా ఎక్కడొచ్చింది? తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్తారా? పార్టీల గొడవ వద్దు, అసలు సంగతి కావాలి.

తూనికరాయి:
మంచి ప్రశ్న. ఆ రెండు సందర్భాలనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే సగం జవాబు దొరుకుతుంది.

ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి డాలరూ ఎవరో ఒకరికి ఆదాయం అవుతుంది. ఆ ఆదాయంతో వాళ్లు వస్తువులో సేవలో కొంటారు. అప్పుడు ఫ్యాక్టరీలు సగం ఖాళీగా ఉండి, పని చేయగలిగినవాళ్లు ఊరికే కూర్చుని ఉంటే, కొత్త గిరాకీకి తగ్గట్టు ఉత్పత్తి పెరుగుతుంది. ధర పెంచాల్సిన అవసరం అమ్మేవాడికి రాదు, పెంచితే కొనేవాడు పక్కవాడి దగ్గరికి పోతాడు. 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతం. ఇళ్ల ధరలు పడిపోయి జనం అప్పులు తీర్చుకునే పనిలో పడ్డారు. ప్రభుత్వం 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన ప్యాకేజీ తెచ్చినా, ప్రైవేటు ఖర్చు పడిపోయిన గోతిని అది పూర్తిగా పూడ్చలేకపోయింది. గొయ్యి పూడకుండా గుట్ట ఎలా లేస్తుంది?

2021 సంగతి వేరు. 2020 మార్చిలో 2.2 ట్రిలియన్ డాలర్ల కరోనా సాయం చట్టం, తర్వాత 2021 మార్చిలో ఇంకో 1.9 ట్రిలియన్. రెండోది వచ్చేసరికి ఆర్థిక వ్యవస్థ అప్పటికే కోలుకుంటోంది. జనం దగ్గర పొదుపు పేరుకుని ఉంది. బయట తిరగలేరు కాబట్టి సేవల మీద పెట్టే డబ్బంతా వస్తువుల మీదికి మళ్లింది. ఆ వస్తువులు చేసే చోట చిప్‌లు లేవు, ఓడల్లో చోటు లేదు, పనివాళ్లు లేరు. గిరాకీ పెరిగినా సరుకు పెరిగే దారి లేనప్పుడు పెరిగేది ధరే. ఇలా జరుగుతుందని లారీ సమ్మర్స్ 2021 ఫిబ్రవరిలోనే హెచ్చరించారు. ఆయన డెమోక్రాట్ల ప్రభుత్వంలోనే ఆర్థిక మంత్రిగా పనిచేసినవారు కాబట్టి అది ప్రతిపక్షం మాట అని కొట్టిపారేయడానికి లేదు.

పల్లవి_ఎకో:
తూనికరాయి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 2022లో ధరలు పెరిగింది అమెరికాలోనే కాదు. యూరో దేశాల్లో ద్రవ్యోల్బణం అక్టోబరులో 10.6 శాతం దాకా వెళ్లింది. వాళ్లెవరూ అమెరికా స్థాయిలో ఇళ్లకు చెక్కులు పంపలేదు. అక్కడ పెద్ద కారణం ఉక్రెయిన్ యుద్ధం తర్వాత గ్యాస్ ధర. అమెరికా ద్రవ్యోల్బణంలో లోటు వాటా ఎంత అని శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడ్ (ఫెడ్ అంటే అమెరికా కేంద్ర బ్యాంకు, ఇది దాని ప్రాంతీయ శాఖ) పరిశోధకులు లెక్కగట్టారు. 2021 చివరికి సుమారు 3 శాతం పాయింట్లు అన్నారు. చిన్న సంఖ్య కాదు, కానీ మొత్తం కథ కూడా కాదు.

నీలిసిరా:
నన్ను కాస్త గట్టిగా విభేదించనివ్వండి. "ఖాళీ సామర్థ్యం ఉంటే ఫర్వాలేదు" అనే మాట వినడానికి బాగుంటుంది. ఎంత ఖాళీ ఉందో ఆ సమయంలో ఎవరికి తెలుసు? తర్వాత లెక్కలు సవరించాక తెలుస్తుంది. ఈలోగా డబ్బు ఖర్చయిపోతుంది. చరిత్రలో మహా ద్రవ్యోల్బణాలన్నీ చూడండి. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల జర్మన్ మార్కులు. జింబాబ్వేలో 2008 జులైలో అధికారిక ద్రవ్యోల్బణం 23 కోట్ల శాతం పైన. 1946 హంగరీ ఈ రెండింటినీ మించింది. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే. పన్నులతో నడపలేని ప్రభుత్వం కేంద్ర బ్యాంకుతో నోట్లు కొట్టించుకుంది.

పల్లవి_ఎకో:
నోట్లు కొట్టించుకున్న మాట నిజమే నీలిసిరా గారూ. కానీ అక్కడిదాకా ఎందుకొచ్చిందో కూడా చూడాలి కదా. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. జర్మనీ బొగ్గు, ఉక్కు అక్కడివే. పని మానేసి నిరసన తెలిపిన కార్మికులకు ప్రభుత్వం జీతాలిచ్చింది. అంటే ఉత్పత్తి ఆగిపోయింది, జీతాలు మాత్రం నడిచాయి. దానికి తోడు బంగారంలోనో విదేశీ కరెన్సీలోనో కట్టాల్సిన యుద్ధ పరిహారం. జింబాబ్వేలోనూ అంతే, 2000 తర్వాత పెద్ద కమతాల స్వాధీనంతో సాగు దెబ్బతింది, ఎగుమతులు పడిపోయాయి, డాలర్లు రావడం ఆగిపోయింది. ముందు సరుకు పోయింది, ఆ లోటును కాగితంతో పూడ్చబోయారు. మామూలు దేశం జీడీపీలో 5 శాతం లోటు నడిపిందని చెప్పి 1923 నాటి ఆ వైమార్ జర్మనీని గుర్తు చేయడం నాకు సబబుగా అనిపించదు.

బాండ్లబాబాయి:
నేను కొన్నేళ్లు బాండ్ల డీలింగ్ రూంలో పనిచేసినవాణ్ని. పుస్తకాల్లో తరచు దాటేసే ఒక మెట్టు ఇక్కడ చెప్తాను.

లోటు అనేది ఒక అంకె. ఆ అంకెను ఎవరి డబ్బుతో పూడ్చారన్నది అసలు ప్రశ్న. ప్రభుత్వం బాండ్లు వేలం వేసి బీమా కంపెనీలకీ, పింఛను నిధులకీ, పొదుపు చేసుకున్నవాళ్లకీ అమ్మితే, ఖర్చు చేసే శక్తి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతుంది. గిరాకీ పెరుగుతుంది, కానీ పరిమితంగా. బ్యాంకులు కొంటే ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే బ్యాంకు అప్పిచ్చినప్పుడు కొత్త డిపాజిట్ పుడుతుంది. కేంద్ర బ్యాంకే ప్రభుత్వం దగ్గర నేరుగా కొంటే, తన పుస్తకంలో ఒక పద్దు రాసి కొత్త డబ్బు సృష్టించినట్టే.

మన దేశంలో ఈ చివరి పద్ధతి చాలాకాలం నడిచింది. 1955 నుంచి కేంద్ర ప్రభుత్వ ఖాతాలో నిల్వ తగ్గగానే రిజర్వు బ్యాంకు పేరిట అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వ స్వల్పకాలిక అప్పు పత్రాలు, వాటంతటవే పుట్టేవి. పార్లమెంటు అడగదు, మార్కెట్ అడగదు. 1994 సెప్టెంబరులో దీన్ని ఆపాలని ప్రభుత్వమూ రిజర్వు బ్యాంకూ ఒప్పందం చేసుకున్నాయి, 1997 ఏప్రిల్ నుంచి పూర్తిగా ఆగింది. దాని స్థానంలో పరిమితి ఉన్న, తిరిగి తీర్చాల్సిన తాత్కాలిక అప్పులు, వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు వచ్చాయి. లోటుకి హద్దులు పెట్టే ఎఫ్ఆర్‌బీఎం చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను వేలంలో రిజర్వు బ్యాంకు నేరుగా కొనకూడదు, సెకండరీ మార్కెట్లో, అంటే ఇప్పటికే కొన్నవాళ్ల దగ్గర, కొనొచ్చు. నా దృష్టిలో ఆ రెండూ మన ఆర్థిక సంస్కరణల్లో అతి తక్కువ పేరొచ్చిన, అతి ముఖ్యమైన పనులు.

సందేహి:
బాబాయి గారూ, అలాగైతే జపాన్ సంగతేంటి? వాళ్ల కేంద్ర బ్యాంకు దగ్గర ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం ఉన్నాయంటారు. ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండింతలు దాటింది. అయినా పాతికేళ్లపాటు ధరలు కదల్లేదు.

బాండ్లబాబాయి:
కొత్త డబ్బు పుట్టడం వేరు, అది ఖర్చు కావడం వేరు. జపాన్‌లో కేంద్ర బ్యాంకు బాండ్లు కొని ఇచ్చిన డబ్బు బ్యాంకుల రిజర్వుల రూపంలో, అంటే కేంద్ర బ్యాంకు దగ్గరి వాటి ఖాతాల్లో, అలాగే పడి ఉంది. కంపెనీలు 1990ల పతనం తర్వాత అప్పు తీర్చడంలోనే మునిగిపోయాయి, జనాభా వయసు మీద పడింది, కొత్త అప్పు అడిగేవాళ్లే తక్కువ. వడ్డీ సున్నా దగ్గర ఉన్నప్పుడు బాండుకీ నగదుకీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఒకదాన్ని ఇంకొకదానితో మార్చినా ఎవరి ఖర్చూ మారలేదు. పైగా అక్కడి అప్పు మొత్తం యెన్‌లోనే ఉంది, ఎక్కువ భాగం స్వదేశీయులదే. అందుకే జపాన్‌ని చూసి "ఎంత లోటైనా ఫర్వాలేదు" అని ఇంకో దేశం అనుకోవడం ప్రమాదం. 2022 నుంచి అక్కడ కూడా ద్రవ్యోల్బణం 2 శాతం దాటింది, 2024 మార్చిలో నెగటివ్ (సున్నా కంటే తక్కువ) వడ్డీకి స్వస్తి చెప్పాల్సి వచ్చింది.

తూనికరాయి:
లోటుకీ ధరలకీ నేరు సంబంధం లేదని చూపించే జంట ఇంకొకటి ఉంది. నాకు చాలా ఇష్టమైనది.

1980ల్లో అధ్యక్షుడు రీగన్ కాలపు అమెరికా. పన్నులు తగ్గించారు, రక్షణ ఖర్చు పెంచారు, 1983లో లోటు జీడీపీలో 6 శాతం దగ్గరికి వెళ్లింది. యుద్ధం లేని కాలంలో అప్పటికి అది చాలా పెద్దది. ద్రవ్యోల్బణం మాత్రం 1980లోని 13.5 శాతం నుంచి 1983కి 3.2 శాతానికి దిగింది. కారణం ఫెడ్ అధ్యక్షుడు పాల్ వోల్కర్. వడ్డీ రేటును 20 శాతం దాకా తీసుకెళ్లి గిరాకీ పీక నొక్కారు.

దీనికి తలకిందులు టర్కీ. 2022లో అక్కడ బడ్జెట్ లోటు జీడీపీలో 1 శాతం అటూ ఇటూ. లోటు మాత్రమే చూసేవాళ్లకి అది ఆదర్శ దేశం. ద్రవ్యోల్బణం? ఆ ఏడాది అక్టోబరులో 85 శాతం. అంతకుముందు ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల వడ్డీ రేటును 19 నుంచి 14 శాతానికి తగ్గించారు, లీరా పడిపోయింది, దిగుమతుల ధరలు భగ్గుమన్నాయి.

సందేహి:
అంటే కేంద్ర బ్యాంకు గట్టిగా ఉంటే ప్రభుత్వం ఎంత లోటు నడిపినా చెల్లుతుందన్నమాటేనా? ఇది నాకు మింగుడు పడటం లేదు.

నీలిసిరా:
పడకూడదు కూడా. తూనికరాయి గారు వోల్కర్ విజయం చెప్పారు, దాని ఖరీదు చెప్పలేదు. 1982 చివరికి అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతం. డాలరు బలపడి ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. డాలర్లలో అప్పు చేసిన దేశాలు విలవిల్లాడాయి. 1982 ఆగస్టులో మెక్సికో కట్టలేనని చేతులెత్తేసింది, లాటిన్ అమెరికా మొత్తానికి ఒక దశాబ్దం పోయింది.

ఇంకా లోతైన సమస్య ఉంది. 1981లో ఆర్థికవేత్తలు థామస్ సార్జెంట్, నీల్ వాలెస్ దీన్ని లెక్కకట్టి చూపించారు. ప్రభుత్వం లోటు తగ్గించనని భీష్మించుకుంటే, ఇవాళ వడ్డీ పెంచి ద్రవ్యోల్బణాన్ని ఆపిన కేంద్ర బ్యాంకు రేపు ఇంకా ఎక్కువ డబ్బు ముద్రించాల్సి రావచ్చు. ఎందుకంటే పెంచిన వడ్డీ వల్ల ప్రభుత్వ అప్పు ఇంకా వేగంగా పెరుగుతుంది, ఏదో ఒక రోజు దాన్ని కొనేవాడు దొరకడు. అప్పుడు మిగిలేది కేంద్ర బ్యాంకే. స్వతంత్రత చట్టంలో రాసి ఉంటే సరిపోదు, ఆ స్వతంత్రతను భరించగల బడ్జెట్ ఉండాలి. రీగన్ అమెరికా తట్టుకుందంటే అప్పటికి దాని అప్పు జీడీపీలో తక్కువ కాబట్టి.

బాండ్లబాబాయి:
మార్కెట్ ఓపిక ఎంత త్వరగా పోతుందో 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో చూశాం. 23వ తేదీన 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. 30 ఏళ్ల బాండు వడ్డీ రోజుల్లో 5 శాతం దాటింది. పింఛను నిధులు మునిగే స్థితికి వస్తే 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి బాండ్లు కొనాల్సి వచ్చింది. ద్రవ్యోల్బణాన్ని అణచాల్సిన సమయంలో బాండ్లు కొన్నది చూడండి. నెల తిరగకముందే ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు.

కొత్తమొలక:
నమస్కారం, ఇక్కడ తొలిసారి రాస్తున్నాను. అందరూ ధరల గురించే మాట్లాడుతున్నారు. ఖర్చు తగ్గిస్తే వృద్ధి ఏమవుతుంది? గ్రీసులో లోటు తగ్గించమని ఒత్తిడి చేస్తే ఆర్థిక వ్యవస్థ పావు వంతు కుంచించుకుపోయిందని చదివాను.

పల్లవి_ఎకో:
స్వాగతం కొత్తమొలక గారూ. అడగాల్సిందే అడిగారు.

గ్రీసులో 2009 లోటు జీడీపీలో 15 శాతం దాటిందని తేలాక రుణదాతలు షరతులు పెట్టారు. జీతాలు, పింఛన్లు కోశారు, పన్నులు పెంచారు. 2013 నాటికి నిరుద్యోగం 27 శాతం. జీడీపీ పావు వంతు పోవడంతో, అప్పును జీడీపీతో పోల్చి చూస్తే తగ్గకపోగా పెరిగింది. కింద ఉన్న హారమే కరిగిపోతే నిష్పత్తి ఎలా తగ్గుతుంది? ఒక డాలరు ఖర్చు తగ్గితే ఉత్పత్తి అర డాలరు తగ్గుతుందనే అంచనాతో కార్యక్రమాలు రూపొందించారు. 2012లో ఆ రుణదాతల్లో ఒకటైన ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) తన అంచనాలను తానే పరిశీలించుకుని, సంక్షోభం మొదలైనప్పటి నుంచి ఆ ప్రభావం 0.9 నుంచి 1.7 దాకా ఉందని తేల్చింది. దీన్ని గుణకం అంటారు. వడ్డీ ఇక తగ్గించలేని స్థితిలో, సొంత కరెన్సీ లేని దేశంలో, మాంద్యం మధ్యలో గుణకం పెద్దదిగా ఉంటుంది. అందరికీ పని ఉన్న కాలంలో, కేంద్ర బ్యాంకు వెంటనే వడ్డీ పెంచే పరిస్థితిలో చిన్నదవుతుంది. ఒక దేశానికి ఒక స్థిరమైన గుణకం అంటూ ఉండదు.

ఈ లెక్కల వెనక మనుషులున్నారు. ఆ ఏళ్లలో చదువు ముగించిన గ్రీకు యువత దేశం వదిలిపోయింది. అలా పోయిన నైపుణ్యం తర్వాతి వృద్ధి లెక్కల్లో కూడా తగ్గి కనబడుతుంది.

తూనికరాయి:
వృద్ధి వైపు ఇంకో లెక్క చెప్పాలి, ఇది అందరూ ఒకసారి చేతితో వేసుకోవాలి. ఒక దేశం అప్పు 100, జీడీపీ 100 అనుకుందాం. వడ్డీ 6 శాతం, జీడీపీ ధరలతో కలిపి 10 శాతం పెరిగింది. వడ్డీ తప్ప మిగతా ఖర్చు ఆదాయానికి సమానంగా ఉంటే ఏడాది తర్వాత అప్పు 106, జీడీపీ 110. నిష్పత్తి 96.4కి దిగింది, పైసా తీర్చకుండానే. ఇప్పుడు అంకెలు తిప్పండి, వడ్డీ 10, పెరుగుదల 6. అప్పు 110, జీడీపీ 106, నిష్పత్తి 103.8. దేశాన్ని కుటుంబంతో పోల్చి "అప్పు తప్పు" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. కుటుంబం ఏదో ఒక రోజు అప్పు మొత్తం తీర్చాలి. ప్రభుత్వానికి ఆయుష్షు హద్దు లేదు, పాత బాండు గడువు తీరితే కొత్తది అమ్ముతుంది. దాని ఖర్చు వృద్ధి రేటును వడ్డీ కంటే పైన ఉంచగలుగుతుందా అన్నదే చూడాలి.

అందుకే దేని మీద ఖర్చు పెట్టారన్నది ముఖ్యం. రేవు, రైలు మార్గం, విద్యుత్ లైను పడితే కొన్నేళ్లకి సరఫరా శక్తి పెరుగుతుంది, అంటే ఇవాళ్టి ఖర్చు రేపటి ధరల ఒత్తిడిని తగ్గిస్తుంది. మన కేంద్ర బడ్జెట్ 2025-26 అంచనాల్లో ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్లు, మూలధన వ్యయం (ఆస్తుల మీద పెట్టే ఖర్చు) 11.21 లక్షల కోట్లు. ఒక్క వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. ఈ మూడు అంకెలూ కలిపి చూడాలి. లోటు చాలావరకు పెట్టుబడిగా మారుతోందని ఒక వైపు నుంచి కనిపిస్తుంది, పాత అప్పు వడ్డీ కొత్త పెట్టుబడి కంటే ఎక్కువని ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది.

రాతిబాట:
మూలధన వ్యయం అన్న పేరు పడగానే మంచిది, రెవెన్యూ వ్యయం (రోజువారీ ఖర్చు) అనగానే దుబారా అనే అలవాటు నాకు నచ్చదు. పద్దుల్లో టీచరు జీతం, టీకా ఖర్చు రెవెన్యూ వ్యయమే. ఎవరూ వాడని భవనం మూలధన వ్యయం. ఇరవై ఏళ్ల తర్వాత ఏది ఉత్పత్తి పెంచుతుంది?

తూనికరాయి:
పూర్తిగా ఒప్పుకుంటాను రాతిబాట గారూ. పద్దు పేరు కాదు, ఫలితం చూడాలి.

నీలిసిరా:
మీరందరూ చెప్పే లోటు ఒక ఆదర్శ ప్రభుత్వం నడిపే లోటు. మాంద్యంలో పెంచుతుంది, మంచి రోజుల్లో తగ్గిస్తుంది, తెలివిగా ఖర్చు పెడుతుంది. నిజంలో పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. శ్రీలంక 2019 చివర్లో వ్యాట్‌ను (అమ్మకాల మీది పన్నును) 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. అప్పుడు మాంద్యమేమీ ముంచుకురాలేదు, ఎన్నికల హామీ అది. తర్వాత మహమ్మారి వచ్చి పర్యాటకం పోయింది, కేంద్ర బ్యాంకు ప్రభుత్వ బిల్లులు కొంటూ పోయింది, 2021లో రసాయన ఎరువుల నిషేధం సాగును దెబ్బతీసింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేశారు, సెప్టెంబరుకి ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గర. ఖాళీ సామర్థ్యం, గుణకం, వడ్డీ-వృద్ధి తేడా, ఇవన్నీ తెలిసిన ఆర్థికవేత్తలు అక్కడా ఉన్నారు. నాకు నియమాలు కావాలి. వాటిని ఎప్పుడు సడలించాలో కూడా ముందే రాసి ఉండాలి.

పల్లవి_ఎకో:
నియమాలకి నేను వ్యతిరేకం కాదు. 3 శాతం అని ఒక అంకె గోడ మీద రాసుకుని, నిరుద్యోగం ఎంత ఉన్నా దాన్నే పట్టుకు వేలాడటానికి వ్యతిరేకం. మన దగ్గరే 2020-21లో కేంద్రం లోటు జీడీపీలో 9.2 శాతానికి పెరిగింది. ఆ ఏడాది 3 శాతానికే కట్టుబడి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

నీలిసిరా:
ఆ ఏడాది సడలింపు నేనూ కావాలనేవాణ్ని. ఆ తర్వాత ఏటా తగ్గిస్తూ 2025-26కి 4.4 శాతం లక్ష్యం దాకా రావడాన్ని కూడా అంతే గట్టిగా కావాలంటున్నాను. ఈ రెండో సగం దగ్గరే చాలామంది నిశ్శబ్దమైపోతారు.

రాతిబాట:
ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. ద్రవ్యోల్బణం వస్తే అందరూ సమానంగా నష్టపోరు. రోజు కూలీకి జీతం ఒప్పందం లేదు, బాండ్లు లేవు, భూమి లేదు. చేతిలో ఉన్నది నగదు. స్థిర వడ్డీకి అప్పు తీసుకున్నవాడు మాత్రం లాభపడతాడు. అన్నిటికంటే పెద్ద అప్పులవాడు ప్రభుత్వమే.

సందేహి:
అయితే చివరగా ఇదొక్కటి అడుగుతాను. ద్రవ్యోల్బణంతో ప్రభుత్వం తన అప్పును కరిగించుకోగలదా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా అదే చేసిందని ఎక్కడో చదివాను.

బాండ్లబాబాయి:
కొంతవరకు చేసింది. 1946లో దాని అప్పు జీడీపీలో 106 శాతం. యుద్ధకాలంలో ఫెడ్ దీర్ఘకాలిక బాండు వడ్డీని 2.5 శాతం దగ్గర కట్టేసింది. అప్పట్లో ధరల నియంత్రణ, రేషన్ ఉన్నాయి, జనం డబ్బు యుద్ధ బాండ్లలోకి వెళ్లింది. అందుకే జీడీపీలో పావు వంతుకు మించిన లోటు నడిచినా ధరలు అదుపులో ఉన్నాయి. నియంత్రణలు ఎత్తేశాక 1947లో ధరలు 14 శాతం పెరిగాయి. బాండు మీద 2.5 శాతం వడ్డీ అందుకున్నవాడి అసలు విలువలో పెద్ద ముక్క పోయింది. దేశభక్తితో బాండ్లు కొన్నవాళ్లే ఆ భారం మోశారు.

కానీ 1951 మార్చిలో ట్రెజరీతో (అమెరికా ఆర్థిక శాఖతో) ఒప్పందం కుదిరి ఫెడ్ ఆ కట్టు విప్పుకుంది. ఆ తర్వాత రెండు దశాబ్దాలూ నిష్పత్తి తగ్గుతూనే వచ్చింది. అందులో నిజమైన ఉత్పత్తి పెరుగుదల వాటా పెద్దది, సర్దుకున్న బడ్జెట్ల వాటా కూడా ఉంది. ఈ రోజు అదే దారిలో పోదామనుకునే ప్రభుత్వానికి రెండు అడ్డంకులు. గడువు తక్కువున్న అప్పు ఎక్కువగా ఉంటే, ధరలు పెరగగానే కొత్త బాండ్లకి మార్కెట్ ఎక్కువ వడ్డీ అడుగుతుంది, కరిగిందల్లా మళ్లీ పేరుకుంటుంది. అప్పు విదేశీ కరెన్సీలో ఉంటే ద్రవ్యోల్బణం దాన్ని కరిగించదు, సొంత కరెన్సీ పడిపోయే కొద్దీ ఇంకా బరువెక్కిస్తుంది. కాబట్టి ఏ దేశం లోటు గురించి చదివినా, శాతం పక్కనే ఆ అప్పు సగటు గడువు ఎంత, ఏ కరెన్సీలో ఉంది, ఎవరి దగ్గర ఉంది అని చూడండి సందేహి గారూ. బడ్జెట్ పత్రాల్లో, కేంద్ర బ్యాంకు నివేదికల్లో ఆ మూడూ దొరుకుతాయి.